చినుకుల సందులో శుక్రవారాలు

దుబాయ్ పాతపేట నైఫ్‌లో మా సందుకు మునిసిపాలిటీవాళ్ళు ఇచ్చిన నంబరు ఒకటి ఉంది. రేకు మీద రాసి గోడకు కొట్టారు. ఆ నంబరు చెప్తే టాక్సీవాడు కూడా తెల్లమొహం వేస్తాడు. మా తెలుగువాళ్ళు మాత్రం దాన్ని చినుకుల సందు అంటారు. రెండు వైపులా పాత బిల్డింగులు, ప్రతి కిటికీకీ ఒక ఏసీ, ప్రతి ఏసీ కిందా కారుతున్న నీటి చుక్క. ఎండాకాలంలో ఊరంతా పెనంలా కాలుతుంటే అక్కడ పొద్దస్తమానం చినుకులు పడుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు తల తడుముకుని మబ్బు కోసం పైకి చూస్తాడు. పాతవాడు చూడకుండానే గోడవారకు జరిగి నడుస్తాడు.

ఆ సందును ఇప్పుడు పడగొడుతున్నారు. దుబాయ్ గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ముందు ఎడారి అంటారు, తర్వాత ముత్యాలంటారు, ఆపైన ఏకంగా ఆకాశంలోకి ఎక్కేస్తారు. మధ్యలో ఒక సందు ఉందనీ, దానికీ ఒక చరిత్ర ఉందనీ వాళ్ళకు పట్టదు. నాకు పట్టింది, ఎందుకంటే నా కాపురం జరిగింది అక్కడే. వారానికి ఒక్క పూట, శుక్రవారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా. మిగతా రోజులన్నీ ఆ పూట కోసం చేసిన చాకిరీ. ఆ పూట మాకెలా దక్కిందో, ఎలా పోయిందో చెప్పాలి.

మాది భీమవరం పక్క పల్లె. మా బావ, అంటే నా భర్త, మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పనిచేసేవాడు. సొట్టలు పడ్డ కార్లను కొట్టి సాపు చేసి, లప్పం పెట్టి రుద్ది, రంగు కొట్టే పని. నేను దుబాయ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటపని చేస్తాను. మా పిల్లవాణ్ణి అక్క దగ్గర వదిలి నేనూ విమానమెక్కినప్పుడు ఊళ్ళో అందరూ, ఇంకేం, మొగుడూ పెళ్ళాం ఒకచోటే ఉంటారుగా అన్నారు. వాళ్ళకేం తెలుసు? బావ ఉండేది లేబర్ క్యాంపు గదిలో, పదిమంది మగాళ్ళతో. నేనుండేది మేడమ్ ఇంట్లో, వంటింటి పక్క గదిలో. ఆ గదికి ఆడది వెళ్ళకూడదు, ఈ గదికి మగాడు రాకూడదు. పెళ్ళయిన మనుషులం కలుసుకోవాలంటే వీధి తప్ప దిక్కులేదు.

ఆ సందుకు నేను మొదట వెళ్ళింది జాకెట్టు కుట్టించుకోవడానికి. అక్కడి టైలరు జగిత్యాల వైపు మనిషి. మీసం రాకముందు ఆ సందుకొచ్చాడు, నేను చూసేనాటికి మీసం తెల్లబడింది. అరబ్బులు వేసుకునే పొడుగాటి కందూరాలు, కంపెనీల యూనిఫారాలు కుట్టేవాడు. ఆడవాళ్ళ బట్టలు కుట్టనని బోర్డు పెట్టలేదు కానీ మొహం మీద రాసుకుని ఉండేవాడు. నేను ఊరుకునే రకాన్ని కాదు. కొలత జాకెట్టు బల్ల మీద పడేసి, కుట్టేదాకా ఇక్కణ్ణించి కదలనన్నాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "కూసో చెల్లె, బయట బల్ల ఉన్నది" అన్నాడు. కూర్చున్నాను. జాకెట్టు కుట్టాడు, చంక దగ్గర పట్టేసింది. ఊళ్ళో మిషను నేర్చుకున్నదాన్ని కదా, ఆ మాటా చెప్పాను. విప్పి మళ్ళీ కుట్టాడు. ఆ తర్వాత ఆయన నాకు అన్నయ్య, మా బావ ఆయనకు బావ.

షాపు ముందు చెక్కబల్ల ఒకటి ఉండేది. అదే మా వసారా. బావ షార్జా నుంచి బస్సులో వచ్చేవాడు, నేను మెట్రోలో వెళ్ళేదాన్ని. శుక్రవారం సాయంత్రం ఆ సందంతా తెలంగాణ కుర్రాళ్ళే. ఒక్కో ఊరివాళ్ళకు ఒక్కో చోటు. దుప్పట్ల కొట్టు మెట్లు ఒక ఊరివి, కార్గో ఆఫీసు గుమ్మం ఇంకో ఊరిది, కెఫెటీరియా మూల మరొకరిది. సెలవు మీద ఇంటికి వెళ్ళేవాడు తన ఊరి చోట నిలబడితే, మిగతావాళ్ళు ఇంటికి పంపేవి తెచ్చి వాడి చేతిలో పెట్టేవారు. ఎవరి జాడైనా తెలియకపోతే ఊళ్ళోవాళ్ళు ఆ సందుకే ఫోన్ చేసేవారు, శుక్రవారం వచ్చాడేమో చూడమని. మేమిద్దరం బల్ల మీద కూర్చోగానే చుట్టుపక్కల ఉన్న కుర్రాళ్ళు లేచి అవతలి చివరకు వెళ్ళిపోయేవారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు. పెళ్ళాల మొహం చూసి ఏళ్ళయినవాళ్ళు, మమ్మల్ని చూసి కుళ్ళుకోవచ్చు. కుళ్ళుకోలేదు సరికదా, పోతూ పోతూ మాకు చాయ్ చెప్పి పోయేవారు.

సందు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ బల్ల మీదే విన్నాను. అన్నయ్య కాజాలు కుడుతూ చెప్పేవాడు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ సముద్రం మీద లాంచీలో వచ్చిన మనిషట. అప్పుడిక్కడ ఇసుక తప్ప దారి లేదట. నీళ్ళు గాడిదల మీద తెచ్చి డబ్బాల్లో అమ్మేవారట. సందు మధ్యలో సముద్రపు రాయితో కట్టిన ఒక పెద్ద లోగిలి ఉండేదట. లోగిలి అమ్మేశారు, గదులు గదులుగా విడగొట్టి సరుకు గోడౌన్లు చేశారు, ఆ తర్వాత కూల్చి బిల్డింగులు లేపారు. కిటికీకో ఏసీ వచ్చాక చినుకులు మొదలయ్యాయి. ఆయన గల్లీ అనేవాడు, నేను సందు అనేదాన్ని. గల్లీ అంటే ఊళ్ళో ఏదైనా కావొచ్చు, సందంటే ఇరుకు ఉండాలి అని నేను వాదించేదాన్ని. ఆయన నవ్వి ఇంకో కాజా అందుకునేవాడు.

ఆ పాత లోగిలి గోడ ముక్క ఒకటి కెఫెటీరియా వెనక మిగిలిపోయింది. గచ్చు రాలినచోట రాతిలో గవ్వలు, సముద్రపు పీచులాంటి గీతలు కనిపించేవి. బావకు ఆ గోడంటే ఇష్టం. వచ్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. గ్యారేజీలో కారును చూసేదీ అలాగేనట. కంటికి కనపడని సొట్ట అరచేతికి తెలుస్తుందనేవాడు. ఈ గోడకు సొట్ట తప్ప ఇంకేమీ లేదని నేను దెప్పితే, దీనికి ఎన్ని కారు తలుపులకు సరిపడా లప్పం పెట్టాలో లెక్కగడుతున్నట్టు మొహం పెట్టేవాడు.

ఇక ఆ పాంటు సంగతి. షాపు మూలన పచ్చ కర్టెను కట్టిన ట్రయల్ రూమ్ ఉండేది. రూమ్ అనడం గొప్పకే. ఒక మనిషి మోచేతులు ముడుచుకుని నిలబడే జాగా, ఒక అద్దం. ఒక శుక్రవారం అన్నయ్య బావను పిలిచి, బూడిదరంగు గుడ్డతో కచ్చా కుట్లు వేసిన పాంటు చేతిలో పెట్టాడు. మేమెవరం పాంటు కుట్టమనలేదు. "బావా, ట్రయల్ ఉన్నది, ఏస్కో. చెల్లె, నువ్వు గూడ పోయి సూడు, ఎనక ఎట్ల కూసున్నదో" అన్నాడు, తలెత్తకుండా. నాకు చెవులు వేడెక్కాయి. బావ నన్ను చూసి, పాంటును చూసి, కర్టెను వెనక్కు నడిచాడు. నేనూ వెళ్ళాను. అన్నయ్య మిషను ఆన్ చేశాడు.

మిషను నేర్చుకున్నదాన్ని కనుక నాకు తెలిసింది. గుడ్డ కింద ఉంటే మిషను చప్పుడు బరువుగా ఉంటుంది. గుడ్డ లేకపోతే డొల్లగా గలగలమంటుంది. ఆయన గుడ్డ పెట్టకుండా మిషను ఆడిస్తున్నాడు, మా మాటలు బయటికి వినపడకుండా. ఇంతకీ మేం మాట్లాడిందేముంది? బావ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అతను గోడను నిమిరినట్టే కళ్ళు మూసుకుని నా చెంప నిమిరి, "ఇక్కడ సొట్ట పడిందే, తిండి తినట్లేదా?" అన్నాడు. అంతే. కానీ ఈ దేశంలో మేం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోగలిగింది ఆ మూలనే. ఆ పాంటు అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ట్రయల్‌కు వచ్చేది. ఒకసారి మోకాలు దగ్గర వదులనేవాడు, ఒకసారి పొడుగనేవాడు. కింద మడత మాత్రం ఎప్పుడూ కుట్టలేదు. లోకంలో ఇంత ఆలస్యంగా పాంటు కుట్టే టైలరు ఉండడని బావ అందరి ముందూ తిట్టేవాడు, అన్నయ్య పడేవాడు.

రెండువేల ఇరవైలో కరోనా వచ్చింది. అందరికంటే ముందు నైఫ్‌నే మూశారు. సందు రెండు చివర్లా అడ్డాలు పెట్టారు. అన్నయ్య షాపు పైనే గదిలో ఉండిపోయాడు, బావ క్యాంపులో, నేను మేడమ్ ఇంట్లో. శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం వీడియో కాల్‌లో కలిసేవాళ్ళం. అన్నయ్య ఫోన్ కిటికీలోంచి కిందికి తిప్పి సందు చూపించేవాడు. మనిషి లేడు. మందు చల్లి పోయిన తడి, బల్ల మీద ఒక పిల్లి, చినుకులు మాత్రం ఎప్పట్లాగే పడుతున్నాయి. ఇంతమంది ఉండే సందు ఇలా ఖాళీ అవడం తన ఉస్తాద్ కూడా చూసి ఉండడని అన్నయ్య అన్నాడు. నేను బల్లను చూస్తూ అన్నం తిన్నాను.

ఆ రోజుల్లోనే క్యాంపుల్లో ఒక అలవాటు పట్టుకుంది. ఎవడైనా దగ్గితే పక్కమంచంవాడు భయపడేవాడు. గట్టిగా దగ్గినవాణ్ణి వేరే చోటికి తీసుకుపోయేవారు, మళ్ళీ పనిలోకి పిలుస్తారో లేదో తెలిసేది కాదు. దాంతో మగాళ్ళంతా దగ్గును గొంతులోనే మింగడం నేర్చుకున్నారు. బావ కూడా నేర్చుకున్నాడు. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సందు మళ్ళీ తెరిచారు. మాస్కులతో, ఎడంగా వెళ్ళాం. ట్రయల్ రూములు వాడకూడదని రూలు వచ్చి పచ్చ కర్టెనుకు అడ్డంగా టేపు వేశారు. బల్ల మీద మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం వదిలి కూర్చునేవాళ్ళం. అన్నయ్య పాంటును హ్యాంగరుకు తగిలించి, ఖలాస్, రూలు పోయినాక చూద్దామనేవాడు. రూలు పోయింది. టేపు పీకారు. ఒక నాలుగు శుక్రవారాలు మళ్ళీ మిషను డొల్లగా మోగింది. అంతలో రోజే మారిపోయింది.

రెండువేల ఇరవై రెండు మొదట్లో దేశమంతా సెలవును శని, ఆదివారాలకు మార్చారు. ఆఫీసులవాళ్ళు సంబరపడ్డారు. మేడమ్ పిల్లలకు శుక్రవారం సగం పూట స్కూలు, మధ్యాహ్నం నమాజు తర్వాత ఇంట్లో చుట్టాలందరికీ భోజనాలు. నా సెలవు ఆదివారమని మేడమ్ తేల్చేసింది. బావ గ్యారేజీ ముదీర్, అంటే మేనేజరు, మాత్రం శుక్రవారమే ఉంచాడు. ఆఫీసులవాళ్ళు కార్లు రిపేరుకు తెచ్చేది ఆదివారం కదా, ఆ రోజు గ్యారేజీ మూస్తే ఎలా అన్నాడట. నేను మేడమ్‌ను అడిగాను, బతిమాలాను, ఒకసారి మొహం మాడ్చుకుని వంట కూడా ఉప్పులేకుండా చేశాను. బావ ముదీర్‌ను అడిగాడు. ఇద్దరికీ కుదరదనే జవాబొచ్చింది. ఎవరో పెద్దలు ఎక్కడో కూర్చుని వారాన్ని సర్దుకుంటే, మా కాపురం రెండు ముక్కలైంది. కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియని కోపం అది.

సందు కూడా రెండు ముక్కలైంది. సగం కంపెనీలు శుక్రవారం, సగం ఆదివారం. దుప్పట్ల కొట్టు మెట్ల మీద ఊరికి వెళ్ళేవాడు శుక్రవారం నిలబడితే, సామాను ఇవ్వాల్సినవాళ్ళు ఆదివారం వచ్చేవారు. కొన్నాళ్ళు తిట్టుకున్నారు. తర్వాత ఫోన్‌లో గ్రూపులు పెట్టుకుని సందుకు రావడమే మానేశారు. ఎన్నో ఏళ్ళుగా నడిచిన ఊళ్ళ చోట్లు ఒక్క ఎండాకాలంలో ఖాళీ అయిపోయాయి.

మేం మానలేదు. బావ శుక్రవారం వెళ్ళేవాడు, నేను ఆదివారం వెళ్ళేదాన్ని. ఆ పాంటు షాపులో వేలాడుతూనే ఉంది. నేను వెళ్ళినప్పుడు దాని జేబులో అతనికి ఏదో ఒకటి పెట్టేదాన్ని. చిన్న సీసాలో కొబ్బరినూనె, మేడమ్ ఇంట్లో చాటుగా వండిన చెక్కలు. అతను అబ్రా పడవ ఎక్కి క్రీక్ అవతలి ఒడ్డుకు పోయి మల్లెపూలు కొని, తడి కాగితంలో చుట్టి అదే జేబులో పెట్టి వెళ్ళేవాడు. ఆదివారానికి అవి గోధుమరంగుకు తిరిగేవి. అన్నయ్య కెఫెటీరియా ఫ్రిజ్‌లో పెట్టించి చూశాడు, చేపల వాసన పట్టాయి. ఎలా ఉన్నా నేను తల్లో పెట్టుకునే మెట్రో ఎక్కేదాన్ని. ఎవరైనా ముక్కు ముడిస్తే నాకేం.

ఫోన్ ఉందిగా అని మీకనిపించొచ్చు. ఉంది, రోజూ మాట్లాడుకునేవాళ్ళం. కానీ దుబాయ్‌లో మావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఫోన్‌లో చెడ్డమాట చెప్పం. ఇంటికి చేసినా, ఇక్కడ ఒకరికొకరం చేసుకున్నా, బాగున్నావా అంటే బాగున్నాననే. దూరాన ఉన్నవాళ్ళకు చెప్పి ఏం లాభం, వాళ్ళు అన్నం మానేయడం తప్ప. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కలిసినప్పుడు, మొహం చూసి చెప్పాలి. నూనె పడి నా మణికట్టు బొబ్బలెక్కినప్పుడు నేనూ చెప్పలేదు. ఫోన్‌లో బావ గొంతు కొంచెం బొంగురుగా ఉండేది, మధ్యమధ్య మాట ఆపేసి మళ్ళీ అందుకునేవాడు. సిగ్నల్ సరిగా లేదనేవాడు. నమ్మాను.

ఒక ఆదివారం జేబులో చెక్కల పొట్లం పెడుతుంటే పాంటు చేతికి తేడాగా తగిలింది. నడుము దగ్గర బిగుతుగా ఉంది. లోపలికి తిప్పి చూశాను. వెనక కుట్టు లోపలికి పట్టి ఉంది. పక్కనే విప్పేసిన పాత కుట్టు తాలూకు సూది గుర్తులు, వాటి పక్కన ఇంకో వరస, దానికి అవతల ఇంకోటి. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ సన్నం చేశారు. ఆ పాంటు వేసుకునే మనిషి ఒక్కడే. ఇస్త్రీ చేస్తే ఆ గుర్తులు పోయేవి, ఆ సంగతి నాకంటే అన్నయ్యకు బాగా తెలుసు. చెయ్యలేదు. నేను ఆయన వంక చూశాను. ఆయన దారం కొన నోట్లో పెట్టుకుని, సూది బెజ్జం వైపే చూస్తూ, "నోటితోని చెప్పనని బావకు ఒట్టేసిన చెల్లె" అన్నాడు.

బల్ల మీద కూర్చుండిపోయాను. తర్వాత మిగతాదంతా ఆయనే చెప్పాడు, ఇక దాచి లాభం లేదు కనుక. బావ మెట్లెక్కలేకపోతున్నాడు. సందు మొదలు నుంచి షాపుదాకా వచ్చేలోపు రెండుసార్లు గోడకు ఆనుకుంటున్నాడు. అయినా ప్రతి శుక్రవారం వచ్చి, కర్టెను వెనక్కు ఒక్కడే వెళ్ళి, ఆ పాంటు వేసుకుని, అద్దంలో చూసుకుని వస్తున్నాడట. నడుము జారిపోతుంటే అన్నయ్య చెయ్యి ఊరుకోక కుట్టు పట్టేవాడట. చివరి రెండు శుక్రవారాలు బావ అసలు రాలేదు. ఆ మల్లెపూలు అన్నయ్యే కొని పెట్టాడు.

ఆ రాత్రి మేడమ్‌కు చెప్పాను, ఈ శుక్రవారం నేను వెళ్తున్నాను, కావాలంటే వీసా రద్దు చేసుకోమని. అడగలేదు, చెప్పాను.

నేనొస్తున్నానని ఫోన్‌లో చెప్పాను, శుక్రవారం బావ వచ్చాడు. సందు మొదట్లో అతన్ని చూసి ఎవరో ముసలాయన అనుకున్నాను. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. చినుకులు నెత్తిన పడుతుంటే గోడవారకు జరగాలన్న ధ్యాస కూడా లేదు. బల్ల మీద కూర్చున్నాక ఊపిరి అందేదాకా ఆగి, "ఏం లేదే, రంగుల దుమ్ము. నాలుగు రోజులు ఊళ్ళో గాలి తగిలితే అదే పోద్ది" అన్నాడు.

ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఫోన్లో చెప్పే మాటా అది? కలిసినప్పుడు చెబుదామనుకున్నా" అన్నాడు. "మనం కలవలేదు గదే."

అది విని నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. ఆ రోజు మార్చినవాళ్ళ మీద, ముదీర్ మీద, మేడమ్ మీద, బాగున్నాను అనే ఆ పాడు మాట మీద. లోపల్నుంచి అన్నయ్య ట్రయల్ ఉందని పిలిచాడు. కర్టెను వెనక కళ్ళు మూసుకుని బావ చెంప నిమిరాను. అరచేతికి ఎముక తగిలింది. సొట్టల సంగతి ఈసారి ఇద్దరం ఎత్తలేదు. మిషను అలా మోగుతూనే ఉంది. బయటికొచ్చాక బావ గోడ ముక్క దగ్గరికి వెళ్తానన్నాడు. అన్నయ్య, నేను చెరోపక్కా పట్టుకుని తీసుకెళ్ళాం. నిమిరాడు. ఊరెళ్ళి సముద్రం ఒడ్డుకు ఒకసారి పోవాలన్నాడు.

ఆస్పత్రిలో చూసి ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. కంపెనీ వీసా రద్దు చేసి టికెట్టు కొనిచ్చింది. నేను వెంట వెళ్ళలేకపోయాను. ఆస్పత్రి మందులు నడవాలంటే ఇద్దరిలో ఒకరు పనిలో ఉండాలి, ఉన్నది నేనే. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో కూర్చుని, ఆ పాంటు ఎప్పటికి పూర్తవుతుందో కనుక్కోమన్నాడు. ఊరెళ్ళాక రోజూ ఫోన్ చేసేవాడు. ఎలా ఉందని నేను అడిగేదాన్ని. బాగున్నానని మాత్రం ఇక అనేవాడు కాదు. ఉన్నదున్నట్టు చెప్పేవాడు. నిన్నటికంటే తక్కువ నడిచాననీ, పడుకుంటే ఊపిరి ఆడట్లేదనీ, ముద్ద దిగట్లేదనీ. వినలేకపోయేదాన్ని, అయినా విన్నాను. సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళారట, ఒక్క పూట.

పోయాడన్న ఫోన్ ఆదివారం పొద్దున్నే వచ్చింది. ఎంత పరిగెత్తినా మర్నాటిగ్గానీ చేరను. ఎండలు, అంతసేపు ఉంచలేమన్నారు. మేడమ్ నన్ను దగ్గరికి తీసుకుని, ఎక్కడికైనా వెళ్ళి కాసేపు ఉండి రమ్మంది. ఎక్కడికి వెళ్తాను? కాళ్ళు నైఫ్‌కే తీసుకెళ్ళాయి. అన్నయ్యకు చెప్పనక్కర్లేకపోయింది. నన్ను చూడగానే లేచి, కర్టెను పక్కకు జరిపి పట్టుకున్నాడు.

ఆ మూలలో, అద్దం ముందు నిలబడి ఫోన్‌లో చూశాను. మా అక్క ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఫోన్ అటూ ఇటూ ఊగుతుంటే బావ మొహం ఒకసారి కనిపించేది, ఒకసారి పందిరి గుంజ కనిపించేది. మా పిల్లవాడు కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు, వాడి మెడ సన్నగా, అచ్చం వాళ్ళ నాన్నదే. వాకిట్లోంచి లేవనెత్తారు. అప్పుడు నాలోంచి ఒక కేక వచ్చింది. అలాంటిది నా గొంతులో ఉందని నాకే తెలియదు. అదే క్షణాన బయట మిషను మొదలైంది. డొల్లగా, గలగలా, గుడ్డ లేకుండా. అక్కడ వాకిలి ఖాళీ అయ్యేదాకా, నేను ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి గోడకు చేరబడేదాకా అన్నయ్య ఆ మిషను ఆపలేదు. మధ్యలో ఎవరో కస్టమరు వచ్చినట్టున్నాడు. బయట నిలబెట్టే పంపించాడు.

నేను ఇప్పటికీ ఆ ఇంట్లోనే పనిచేస్తున్నాను. పిల్లవాడు చదువుతున్నాడు. ఆదివారాలు ఆ సందుకు వెళ్ళడం మానలేదు. జేబులో పెట్టడానికి ఏమీ లేదు, తీసుకోవడానికీ లేదు. బల్ల మీద కూర్చుని అన్నయ్యకు కాజాలు కుట్టి పెడతాను, ఆయన నా కుట్టుకు వంకలు పెడతాడు.

పోయిన నెలలో బిల్డింగులు ఖాళీ చేయమని గోడలకు కాగితాలు అంటించారు. కెఫెటీరియా ముందే పోయింది. కిటికీల్లోంచి ఏసీలు ఒక్కొక్కటే దించేశారు. నేను వెళ్ళిన రోజు సందంతా పొడిగా ఉంది. ఇన్నేళ్ళలో అక్కడ పొడినేల చూడటం అదే మొదలు, నాకు ముందు సందు పోల్చుకోవడానికి క్షణం పట్టింది. వెనక ఉన్న గోడ ముక్కకు కూడా ఎర్రరంగుతో గుర్తు పెట్టారు. వెళ్ళి నిమిరాను, బావ చేసినట్టే.

అన్నయ్య షాపు సామాను పికప్‌లోకి ఎక్కిస్తున్నాడు. షార్జాలో ఎవరిదో షాపులో మిషను పెట్టుకోనిస్తారట. పచ్చ కర్టెను మడిచి ఒక సంచిలో పెట్టాడు. బల్ల ఎవరికో ఇచ్చేశాడు. అంతా అయ్యాక హ్యాంగరు నుంచి ఆ బూడిదరంగు పాంటు తీసి, రెండు చేతులతో పట్టుకుని నాకు చూపించాడు. కింద మడత కుట్టాడు. గుండీ పెట్టాడు. నడుము దగ్గర పట్టిన కుట్లన్నీ విప్పి, బావ మొదటి శుక్రవారం వేసుకున్న కొలతకు మళ్ళీ తెచ్చాడు.

"పూర్తయింది చెల్లె. బావకు శానా లేటు చేసిన" అన్నాడు.

నేను లోపలికి తిప్పి చూశాను. విప్పిన చోట సూది గుర్తులు వరసలు వరసలుగా అలాగే ఉన్నాయి. అన్నయ్య కూడా చూశాడు. పికప్‌లో ఇస్త్రీపెట్టె పైనే ఉంది, దించి రెండు నిమిషాల్లో గుర్తులు పోగొడతానన్నాడు.

ఇస్త్రీ చెయ్యొద్దన్నయ్యా అన్నాను.